ప్రింటర్ ఎందుకు ఆగిపోయిందో మాకు చెప్పండి: తయారీ సంస్థలకు, కేంద్ర బ్యాంకులకు బహిరంగ లేఖ

రంగు ప్రింటర్లు, స్కానర్లు, కాపీ యంత్రాలు తయారుచేసే సంస్థల బాధ్యులకు,
కేంద్ర బ్యాంకుల నకిలీ నోట్ల నిరోధక బృందం సభ్యులకు,

విషయం: ప్రింటర్లలో మాకు చెప్పకుండా పెట్టిన ఆంక్షలు, గుర్తులు.

నమస్కారం.

దొంగనోట్లను అరికట్టడానికి మీరు చేస్తున్న పని అవసరమైనదే. చేతికొచ్చిన నోటు దొంగదని తేలితే ఎక్కువ దెబ్బ తగిలేది ఏ రోజు సంపాదన ఆ రోజు తినేవాళ్లకే. బ్యాంకు ఆ నోటును తీసేసుకుంటుంది, బదులుగా ఏమీ ఇవ్వదు. రంగు ప్రింటర్లు చౌకయ్యాక ఇంట్లో కూర్చుని నోట్లు అచ్చు వేసేవాళ్లు పుట్టుకొచ్చారన్నదీ నిజమే. కాబట్టి ఆ పని మానేయమని ఈ లేఖ రాయడం లేదు. ఆ పని పేరుతో మా ఇళ్లలో, ఆఫీసుల్లో ఉన్న యంత్రాల్లో మీరు ఏమేం పెట్టారో మాకు చెప్పకపోవడం గురించి రాస్తున్నాను.

ఇదే సంగతి మీద మేము వాడే యంత్రాన్ని తయారుచేసిన సంస్థకు మూడుసార్లు ఈమెయిల్ పంపాను. డ్రైవర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని మొదటిదానికి జవాబొచ్చింది. రెండోదానికీ మాట మారకుండా అదే జవాబు. మూడోదానికి ఏమీ రాలేదు. అందుకే అందరికీ కనిపించేలా రాయాల్సి వస్తోంది.

ముందు జరిగింది చెబుతాను.

నేను చదువు రాని పెద్దవాళ్లకు అక్షరాలు, లెక్కలు నేర్పుతాను. వాళ్లలో చాలామందికి చూపు తగ్గింది. క్లాసులో చేరిన మొదటి వారంలోనే దాదాపు అందరూ అడిగేది ఒకటే: ఏ నోటు ఎంతదో గుర్తుపట్టడం నేర్పండి, చిల్లర లెక్క చూసుకోవడం నేర్పండి. పేరు రాయడం కంటే ముందు వాళ్లకు కావలసింది అది. ఎవరో చిల్లర తక్కువ ఇస్తున్నారన్న అనుమానంతో ఏళ్ల తరబడి బతికినవాళ్లు వాళ్లు. చేతిలో ఉన్న అసలు నోటు మీద అంకెలు, గీతలు వాళ్ల కంటికి చిన్నవి. అందుకని ఒక్కో నోటునూ ఒకవైపు మాత్రమే, రెండింతల సైజులో రంగు కాపీ తీసి గోడకు అంటిద్దామనుకున్నాను.

ఆఫీసులో ఉన్న ప్రింటరు, స్కానరు కలిసిన యంత్రం అద్దం మీద నోటు పెట్టి, 200 శాతం ఎంచుకుని బటన్ నొక్కాను. లైటు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. బయటికొచ్చిన కాగితం ముప్పావు వంతు నల్లగా ఉంది. టోనర్ చెడిపోయిందేమో అనుకుని మళ్లీ నొక్కాను. ఇంకో నల్ల కాగితం వచ్చింది. మూడోసారి తెర మీద ఏదో ఎర్రర్ నంబరు వచ్చి యంత్రం ఆగిపోయింది. యంత్రంతో వచ్చిన పుస్తకం ముందు నుంచి వెనక దాకా వెతికాను. ఆ నంబరు అందులో లేదు.

మర్నాడు టెక్నీషియన్ వచ్చాడు. రోలర్లు తుడిచాడు, ఒక భాగం మార్చాడు, మామూలు కాగితాలు కాపీ తీసి చూపించాడు. అన్నీ చక్కగా వచ్చాయి. సరేనని నేను నోటు తీసి అద్దం మీద పెట్టబోతే ఆయన చెయ్యి అడ్డుపెట్టాడు.

"నోటు కాపీ తీశారా మేడమ్? అయితే ఇది రిపేరు కాదు. ముందే చెప్పి ఉంటే నేను వచ్చేవాణ్ణే కాదు."

"మరి ఆ మాట తెర మీద రాయొచ్చు కదా?"

"మాకూ ఎవరూ చెప్పలేదండీ. నాలుగు చోట్ల ఇలాగే అయ్యాక మాకే అర్థమైంది."

మార్చిన భాగానికి, వచ్చిపోయిన ఖర్చుకు బిల్లు మేమే కట్టాం. క్లాసుకు చార్టుల మీద నోట్ల బొమ్మలు నా చేత్తో గీసి తీసుకెళ్లాను. ముందు వరుసలో కూర్చునే ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, "ఇది మన నోటులా లేదమ్మా, నేనైతే దీన్ని తీసుకోను" అంది. ఆవిడ అన్నది సరైన మాట. నేర్చుకోవలసినది ఆ నోటు రంగులనీ గీతలనీ గుర్తుపట్టడం. అవి నా బొమ్మలో లేవు.

ఆ తర్వాత ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాను. నాలాంటి మామూలు వినియోగదారుకు ఇవన్నీ కొత్తే కనుక, అందరికీ తెలియడం కోసం ఇక్కడ రాస్తున్నాను.

చాలా దేశాల నోట్ల మీద ఐదు చిన్న వలయాలు ఒక ప్రత్యేకమైన అమరికలో ఉంటాయి. 2002లో మార్కుస్ కూన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఒక రంగు కాపీ యంత్రం నోటును ఎందుకు కాపీ తీయడం లేదో పరీక్షిస్తూ ఈ అమరికను గుర్తించాడు. యూరో నోటు మీద కనిపించింది కనుక, ఆకాశంలోని ఒరాయన్ నక్షత్రమండలంలా ఉంది కనుక, ఆ రెండు పేర్లూ కలిపి యూరియాన్ అని పిలిచాడు. బ్రిటన్‌లో సంగీతకారుడు ఎల్గార్ బొమ్మతో వచ్చిన 20 పౌండ్ల నోటు మీద ఈ వలయాలు సంగీత స్వరాల తలల్లో ఉన్నాయి. అమెరికా 20 డాలర్ల నోటు మీద పసుపు రంగులో చల్లినట్టుండే చిన్న చిన్న 20 అంకెల సున్నాలే ఆ వలయాలు. చూసేవాడికి అలంకారం. యంత్రానికి ఆజ్ఞ.

ప్రింటర్లతోనే ఆగలేదు. 2003లో వచ్చిన అడోబీ ఫొటోషాప్ సీఎస్‌లో నోటు బొమ్మను తెరవడానికి వీల్లేకుండా ఒక ఏర్పాటు పెట్టారు. కేంద్ర బ్యాంకుల బృందం కోరిక మీద పెట్టామని అడోబీ ఒప్పుకున్నది వినియోగదారులు దాన్ని కనిపెట్టాక, 2004 జనవరిలో. డబ్బు పెట్టి కొన్నవాళ్లకు ముందుగా చెప్పలేదు. అదే ఏడాది కేంబ్రిడ్జ్ పరిశోధకుడు స్టీవెన్ మర్డాక్ పరీక్షించి, ఆ సాఫ్ట్‌వేర్ ఐదు వలయాల మీద ఆధారపడటం లేదనీ, నోటు బొమ్మలోనే దాగి ఉన్న మరో గుర్తును చూస్తోందనీ తేల్చాడు. అంటే ఇలాంటి ఏర్పాట్లు ఒకటి కంటే ఎక్కువ. వీటిలో ఏ ఒక్కటీ ఎలా పనిచేస్తుందో మీరు అధికారికంగా చెప్పలేదు. బయటివాళ్లు కష్టపడి కనిపెట్టినంత మేరకే మాకు తెలుసు.

దీనివల్ల మామూలు మనుషులకు జరుగుతున్నది ఇది.

1. కారణం చెప్పకుండా పని ఆపేయడం. మాకు అన్నిటికంటే పెద్ద బాధ ఇదే. సగం అచ్చయి ఆగిన కాగితమో, నల్ల కాగితమో, అర్థం లేని నంబరో చూసిన మనిషి యంత్రం చెడిపోయిందనే అనుకుంటాడు. కార్ట్రిడ్జ్ మారుస్తాడు, సర్వీసుకు ఫోన్ చేస్తాడు. ఆఫీసుల్లో ఇంకోటి జరుగుతుంది. కాపీ తీయమని ఒకరు చెబుతారు, తీసేది కింది ఉద్యోగి. యంత్రం ఆగిపోతే "ఏం చేశావు దీన్ని?" అన్న మాట ఆ ఉద్యోగి పడాలి. తాను ఏమీ చేయలేదని నిరూపించుకోవడానికి అతని దగ్గర ఆధారం ఉండదు, ఎందుకంటే ఆధారం చూపించాల్సిన యంత్రమే నోరు విప్పదు. కొన్ని ప్రింటర్లు నోటును అంగుళం మేర అచ్చువేసి ఆపేసి, కింద నియమాలుండే వెబ్‌సైట్ చిరునామా వేస్తాయని చదివాను. అదైనా నయం. ఎందుకు ఆగిందో మనిషికి కొంత అర్థమవుతుంది. ఆ పని ఒక యంత్రం చేయగలిగినప్పుడు మిగతావి ఎందుకు చేయలేవు?

2. చట్టం ఒప్పుకున్నదాన్ని కూడా యంత్రం ఒప్పుకోదు. అమెరికాలో 1992 నాటి చట్టం ప్రకారం నోటు బొమ్మను రంగుల్లో అచ్చు వేయవచ్చు. అసలు సైజులో ముప్పావు వంతు కంటే చిన్నదిగానో, ఒకటిన్నర రెట్ల కంటే పెద్దదిగానో ఉండాలి, ఒకవైపే ఉండాలి, పని అయ్యాక ఫైళ్లు చెరిపేయాలి. యూరో నోట్లకు యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు పెట్టిన నియమంలోనూ ఒకవైపు బొమ్మ 75 శాతానికి మించకుండా గానీ, 125 శాతానికి తగ్గకుండా గానీ ఉంటే అభ్యంతరం లేదు. దేశానికో నియమం ఉంటుంది కానీ ఆలోచన ఒకటే: ఎవరూ అసలు నోటని పొరబడకూడదు. నేను తీయాలనుకున్న 200 శాతం, ఒకవైపు కాపీ ఈ రెండు నియమాలకూ సరిపోతుంది. కానీ యంత్రం అద్దం మీద ఏముందో చూస్తుందే గానీ, అది ఎంత సైజులో బయటికి రాబోతోందో, ఎందుకోసమో చూడదు. చట్టసభ ఆలోచించి ఇచ్చిన వెసులుబాటును ప్రింటర్‌లోని ఒక చిప్ రద్దు చేస్తోంది. ఆ చిప్ మీద అప్పీలు చేసుకోవడానికి ఎక్కడా చోటు లేదు.

పాఠ్యపుస్తకాలు తయారుచేసేవాళ్లు, పాత నోట్లు సేకరించేవాళ్లు, నోట్ల చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్లు, దొంగనోటును ఎలా గుర్తుపట్టాలో జనానికి చెప్పే పోస్టర్లు వేసేవాళ్లు కూడా ఇక్కడే ఇరుక్కుంటారు. ఈ చివరివాళ్లు చేసేది మీ పనే.

3. నోటు కానిదాని మీద కూడా అనుమానం. వలయాల అమరికను యంత్రం చూస్తుంది తప్ప, కాగితం విలువను కాదు. దగ్గర దగ్గరగా చిన్న సున్నాలున్న డిజైన్‌ను అది పొరబడదని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఏ కొలతలో, ఏ దూరంలో ఉంటే ఆగిపోతుందో మీరు చెప్పరు కనుక డిజైనర్ ముందు జాగ్రత్త పడలేడు. పెళ్లి కార్డో, పుస్తకం అట్టో వేసేవాడి పని ఆగిపోతే, కారణం ఇదో కాదో తేల్చుకునే దారి కూడా అతనికి లేదు. ఇలాంటివి ఎన్నిసార్లు జరుగుతున్నాయో లెక్క ఎవరి దగ్గరా లేకపోవడానికి కారణం కూడా ఈ మౌనమే. ఎందుకు ఆగిందో తెలియనివాడు ఏమని ఫిర్యాదు చేస్తాడు?

4. పసుపు చుక్కలు. ఇది వేరే సంగతి, మొదటిదానికంటే లోతైనది. రంగు లేజర్ ప్రింటర్ నుంచి వచ్చిన ఒక కాగితాన్ని చీకటి గదిలో నీలం ఎల్ఈడీ లైటు కింద పెట్టి భూతద్దంతో చూడండి. తెల్లగా ఉందనుకున్న చోట చాలాసార్లు సన్నటి చుక్కలు నల్లగా కనిపిస్తాయి. నేను చూశాను. మా క్లాసులో హాజరు రాసుకునే కాగితం మీదే కనిపించాయి.

ఒక్కో చుక్క మిల్లీమీటరులో పదో వంతు. పసుపు రంగు కనుక మామూలు వెలుతురులో కంటికి ఆనదు. ఇలాంటి విధానాన్ని జెరాక్స్ సంస్థ 1980ల మధ్యలోనే తయారుచేసింది. జనానికి తెలిసింది మాత్రం 2004లో, నెదర్లాండ్స్‌లో ఒక దొంగనోట్ల కేసులో ఈ చుక్కలను వాడారన్న వార్త వచ్చాక. 2005లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ వాళ్లు జెరాక్స్ వారి డాక్యుకలర్ యంత్రాలు వేసే చుక్కలను చదవగలిగారు. 15 నిలువు వరుసలు, 8 అడ్డు వరుసలు. అందులో ఆ కాగితం అచ్చయిన తేదీ, గంట, నిమిషం, యంత్రం సీరియల్ నంబరు ఉన్నాయి. కాగితం ఒక మూల చిరిగినా పోకుండా అదే గుర్తు పేజీ అంతటా మళ్లీ మళ్లీ పడుతుంది. 2018లో జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 18 సంస్థలకు చెందిన 141 ప్రింటర్ల కాగితాలు పరిశీలించి, వాటిలో ఇలాంటి చుక్కల అమరికలు ఒక్క రకం కావని చూపించారు.

దొంగనోటు మీద ఈ చుక్కలుంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఇవి నోట్ల మీద మాత్రమే పడవు. ప్రేమలేఖ మీద, రాజీనామా మీద, వైద్య నివేదిక మీద, పత్రికకు పంపిన ఆకాశరామన్న ఉత్తరం మీద కూడా పడతాయి. తన పై అధికారి లంచం తీసుకుంటున్నాడని పేరు లేకుండా ఫిర్యాదు రాసే గుమస్తా, వేధింపుల గురించి రాసే ఉద్యోగిని, సంతకం లేదు కాబట్టి తామెవరో తెలియదనే ధైర్యంతోనే ఆ కాగితం పంపుతారు. ఆ కాగితమే వాళ్లు వాడిన యంత్రాన్ని, వాడిన నిమిషాన్ని చెబుతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆఫీసు ప్రింటర్ సీరియల్ నంబరు ఆఫీసు రికార్డులోనే ఉంటుంది. ఆ నిమిషంలో ప్రింట్ తీసింది ఎవరో కనుక్కోవడం పెద్ద పని కాదు.

ఇది నా ఊహ కాదు. 2017లో ది ఇంటర్‌సెప్ట్ అనే పత్రిక అమెరికా నిఘా సంస్థకు చెందిన ఒక రహస్య పత్రాన్ని స్కాన్ చేసి ప్రచురించింది. ఆ పత్రం ఇచ్చిన వ్యక్తిని లోపలి రికార్డుల ద్వారా, ఎవరెవరు ప్రింట్ తీశారో చూసి పట్టుకున్నామని అధికారులు చెప్పారు. కానీ ప్రచురించిన ఆ స్కాన్‌లో పసుపు చుక్కలు కూడా ఉన్నాయి. బయటి నిపుణులు వాటిని చదివి, ఆ కాగితం 2017 మే 9న 6 గంటల 20 నిమిషాలకు అచ్చయిందని చెప్పగలిగారు. ఆ పని చేయడానికి వాళ్లకు కోర్టు అనుమతి గానీ పోలీసు అధికారం గానీ అవసరం కాలేదు. ఆ లీకు తప్పా ఒప్పా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. నోట్ల కోసమని పెట్టిన గుర్తు నోట్లతో ఏ సంబంధమూ లేని కాగితం మీద, ఎవరు పడితే వాళ్లు చదవగలిగేలా ఉంది. దాన్ని మీరు ఎలా సమర్థిస్తారు?

వ్యక్తులను గుర్తించే వీలు ఇచ్చేంత వరకు ఇలాంటి చుక్కలు గోప్యత, వ్యక్తిగత సమాచార రక్షణ హక్కులను ఉల్లంఘించవచ్చని యూరోపియన్ కమిషన్ 2008లోనే ఒక పార్లమెంటు సభ్యురాలి ప్రశ్నకు జవాబిచ్చింది. ఆ జవాబు తర్వాత కూడా మా చేతికొచ్చిన యంత్రం పెట్టె మీద ఒక్క వాక్యం చేరలేదు.

రహస్యంగా ఉంచకపోతే దొంగలు తప్పించుకుంటారని మీరు అనవచ్చు. ఆ మాట మొదట్లో నాకూ నిజమే అనిపించింది. కానీ వలయాల సంగతి 2002 నుంచి, చుక్కల సంగతి 2004 నుంచి లోకానికి తెలుసు. డ్రెస్డెన్ పరిశోధకులు చుక్కలను చదవడానికి, వాటిని పనికిరాకుండా చేయడానికి ఒక సాఫ్ట్‌వేర్‌ను కూడా అందరికీ ఇచ్చేశారు. దొంగనోట్లు వేయడమే పనిగా పెట్టుకున్నవాడు ఇవన్నీ ఎప్పుడో తెలుసుకుని ఉంటాడు. తెలియనిది పాఠం కోసం కాపీ తీసుకునే మాకు, మా దగ్గరికి వచ్చే టెక్నీషియన్‌కు.

అందువల్ల మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి:

1. నోటును గుర్తించి యంత్రం పని ఆపితే, ఆ మాట తెర మీద వాడేవాళ్ల భాషలో రావాలి. "ఇది కరెన్సీ నోటులా ఉంది కనుక కాపీ తీయడం లేదు. యంత్రంలో లోపం లేదు" అన్న రెండు వాక్యాలు చాలు. వీటివల్ల ఏ రహస్యమూ బయటపడదు. వినియోగదారుల సహాయ కేంద్రాల్లో, సర్వీసు కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. ఈ ఒక్క కారణంతో పిలిచిన సర్వీసుకు బిల్లు వేయకండి.

2. యంత్రంలో ఇలాంటి ఆంక్ష ఉందని, అది రంగు చుక్కలు వేస్తుందని, ఆ చుక్కల్లో ఏ సమాచారం ఉంటుందని కొనకముందే, పెట్టె మీద, మాన్యువల్‌లో రాయండి. నిమిషానికి ఎన్ని పేజీలు వేస్తుందో అంత పెద్ద అక్షరాలతో చెబుతున్నారు. ఇది కూడా కొనేవాళ్లకు తెలియాల్సిన సంగతే.

3. నియమాలకు లోబడి నోటు బొమ్మ వాడుకోవాల్సిన వారికి దారి చూపండి. నోట్లు అచ్చు వేసే ప్రతి కేంద్ర బ్యాంకూ బోధన కోసం "నమూనా" అని అడ్డంగా రాసి ఉన్న పెద్ద సైజు బొమ్మలను ఉచితంగా ఇవ్వాలి. ఆ బొమ్మల్లో యంత్రాన్ని ఆపే గుర్తులు ఉండకూడదు. చూపు తక్కువైనవాళ్ల కోసం పెద్ద సైజువి విడిగా ఉండాలి. మా క్లాసుకు ఇది ఒక్కటి దొరికినా చాలా మేలు.

4. పొరపాటున ఆగిన పనుల గురించి చెప్పుకోవడానికి ఒక చిరునామా పెట్టండి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని నిజమైన పొరపాట్లో ఏడాదికోసారి ప్రకటించండి.

5. ఈ ఆంక్షను నోట్లు దాటి ఇంకో కాగితానికి విస్తరించకండి. ఈరోజు నోటును గుర్తుపట్టే యంత్రానికి రేపు ఒక కరపత్రాన్ని, ఒక ప్రభుత్వ పత్రాన్ని గుర్తుపట్టడం నేర్పవచ్చు. సాంకేతికంగా దానికి పెద్ద అడ్డంకి ఏమీ లేదు. అలా చేయబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వండి.

6. నోటు కాని కాగితం మీద పసుపు చుక్కలు వేయడం ఆపండి. నోటును గుర్తుపట్టగలిగిన యంత్రానికి, ఇది నోటు కాదని కూడా తెలుసు కదా. అది వెంటనే వీలు కాదంటే, ఆపుకునే వీలును వాడేవాళ్ల చేతికి ఇవ్వండి. ఇప్పటికే పడిన చుక్కల ఆధారంగా యంత్రం ఎవరికి అమ్మారో చెప్పమని ఎవరైనా మిమ్మల్ని అడిగితే, కోర్టు ఉత్తర్వు లేకుండా చెప్పకండి. అలాంటి అభ్యర్థనలు ఏడాదికి ఎన్ని వచ్చాయో బయటపెట్టండి.

వీటిలో మొదటి రెండింటికి కొత్త పరిశోధన అవసరం లేదు. ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో, మాన్యువల్‌లో ఒక పేజీతో అయిపోతుంది. ఆ రెండింటినైనా ఎప్పటిలోగా చేస్తారో తేదీ చెప్పమని అడుగుతున్నాను. చేయలేమంటే ఎందుకు చేయలేరో, ఎవరు వద్దన్నారో రాయండి. మీ జవాబును ఈ లేఖ చదివినవాళ్లందరికీ యథాతథంగా చూపిస్తాను.

మా కొత్త క్లాసు వచ్చే నెల మొదలవుతుంది. ఈసారి కూడా మొదటి వారం నోట్లే అడుగుతారు.

ఇట్లు,
పెద్దవాళ్లకు చదువు నేర్పే ఒక ఉపాధ్యాయురాలు